అవ్వ రాయి ఆపితే

ఫసలీ 1356, అంటే 1947, మాఘ బహుళం. మోత్కూరు దగ్గర మా ఊరు, మా ఇల్లు.

ఆ రాత్రి ఉన్నవారు: మా నాయిన ఎల్లయ్య. మా అమ్మ. మా చెల్లె సత్తెమ్మ. నేను. చుట్టాలుగా వచ్చినవారు ఇద్దరు: అమ్రాబాద్ దిక్కు నుంచి బాలయ్య, ఆయన తండ్రి కాశయ్య. బాలయ్య కొడుకుకు మా సత్తెమ్మను అడగడానికి వచ్చారు. పిల్లవాడు రాలేదు.

నా డైరీలో ఆ రోజు కింద ఈ పేర్లే ఉన్నాయి. ఉర్దూలో ఉన్నాయి, ఎందుకంటే అప్పటి మా బడి చదువంతా ఉర్దూలోనే. పేర్ల కింద ఒక్క మాట. రాత్రి నిద్ర లేదు. అంతే. అంతకు మించి ఆ రోజు రాయలేదు.

ఇక మీరు నమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేను గిర్దావరుగా ఊరూరూ తిరిగి పంటలు చూసి రాసినవాణ్ణి. జొన్న ఉంటే జొన్న అని రాశాను, బీడు ఉంటే బీడు అని రాశాను. ఇదీ అలాగే. నా చెవులతో విన్నది ఒక్కటీ కలపకుండా చెబుతాను. కన్న తల్లి మీద ఒట్టు. ఆమె ఆ రాత్రి లోపలి గదిలోనే ఉంది.

ముందు అవ్వ గురించి చెప్పాలి. ఆమెను తెలియకపోతే మిగతాది తెలియదు.

అవ్వ అంటే మా తాత నర్సయ్యకు చెల్లెలు. పేరు ఎంకటవ్వ. పెనిమిటి చిన్నప్పుడే పోతే పుట్టింటికి వచ్చేసింది. మాది గొర్లు కాసే ఇల్లు. కొంచెం చెలక భూమి, ఒక చిన్న మంద. తెల్లవారకముందే ఆమె సాయబానులో ఇసుర్రాయి ముందు కూర్చునేది. సాయబాను అంటే ఇంటి ముందు మూడు దిక్కులా మట్టిగోడలు, ఒక దిక్కు తెరిచి ఉండే పెద్ద వసారా. అందులో ఒక మూల ఆ రాయి. గర్... గర్... ఆ సప్పుడుకే మాకు మెలకువ వచ్చేది. చలికి ముడుచుకుని, గొంగడి కప్పుకుని, నేనూ సత్తెమ్మా పోయి ఆమె ముందు కూర్చునేవాళ్లం.

ఆమె రాయి తిప్పుతూ అడిగేది.

"నువ్వెవ్వని కొడుకువురా?"

రాయి ఆపేది.

"ఎల్లయ్య కొడుకును."

రాయి తిరిగేది. మళ్లీ ఆగేది. ఎల్లయ్య ఎవరి కొడుకో చెప్పాలి. నర్సయ్య కొడుకు. తోడేలు నోట్లోంచి గొర్రెపిల్లను గుంజుకున్న నర్సయ్య. రాయి తిరిగేది. నర్సయ్య ఎవరి కొడుకు? బక్కయ్య కొడుకు. కరువు ఏట మందనంతా కృష్ణ ఒడ్డుకు తోలుకుపోయి బతికించిన బక్కయ్య. బక్కయ్య ఎవరి కొడుకు? కొమురయ్య కొడుకు. కొన్నాళ్లకు ఆమె నోటితో అడగడం కూడా మానేసింది. రాయి ఆపేది. అంతే. ఆపితే చెప్పాలి. తప్పు చెబితే, మరిచిపోతే, రాయి కదిలేది కాదు. ఆమె కోపపడేది కాదు, గుర్తు చేసేది కాదు. ఊరికే చెయ్యి పిడి మీద పెట్టి చూస్తూ కూర్చునేది.

"జర జెప్పవే అవ్వా, ఆకలైతాంది" అని సత్తెమ్మ గునిసేది.

"రాయి తిరగకుంటే పిండి లేదు. పిండి లేకుంటే రొట్టె లేదు. పెద్దోళ్లను మరిచినోళ్లకు రొట్టెక్కడిది బిడ్డా?"

ఆ రొట్టె కోసమే నేర్చుకున్నాం. నిజం చెప్పాలంటే అంతకంటే పెద్ద కారణం లేదు.

అయితే ఒక్క చోట... కొమురయ్య పేరు చెప్పాక... రాయి ఆగేది. అక్కడ మేము ఏమీ చెప్పకూడదు. అవ్వ కూడా చెప్పేది కాదు. తల వంచుకుని కొంతసేపు అలాగే ఉండేది. పెంకు మీద పిట్టల సప్పుడు, దొడ్డిలో గొర్లు నెమరు వేసే సప్పుడు. తర్వాత ఒక నిట్టూర్పు. రాయి మళ్లీ తిరిగేది.

ఆ ఖాళీ ఎందుకో ఆమే చెప్పింది. కొమురయ్యకు ఒక తమ్ముడు. ఇద్దరూ దొర గడికి వెట్టి చేసేవారు. పండుగకు గొర్రె, పబ్బానికి గొంగడి. అడిగినప్పుడల్లా ఇవ్వాలి. ఒక ఏడు ఇవ్వలేమన్నారు. చెట్టుకు కట్టేసి కొట్టారు. ఆ రాత్రే అన్నదమ్ములు మందను సగం సగం చేసుకుని ఊరు విడిచారు. అన్న ఉత్తరం దిక్కు. తమ్ముడు దక్షిణం దిక్కు. దారులు చీలేచోట చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నారు. ఒకడు దొరికితే ఇంకొకని పేరు నోటి నుంచి రావద్దు. కొడితే రావద్దు, చంపితే రావద్దు.

"కొమురయ్య తాత సచ్చేదాక తమ్ముని పేరు అనలే" అనేది అవ్వ. "ఆయన అనలే, ఆయన కొడుకు అనలే, మేము అనలే. ఆ ఒట్టు ఇంకా తీరలేదు బిడ్డా."

"ఎప్పుడు తీర్తది?"

"ఆయన ఇంటోడు ఎవడన్న వచ్చి మన రాయి ముందట ఆ పేరు చెప్పిన్నాడు తీర్తది. వాళ్ల పేరు వాళ్లే చెప్పాలె."

ఆమెకు ఆ పేరు తెలిసి దాచిందో, అసలు తెలియకనే అక్కడ ఆగేదో... ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ ఖాళీ దాటాక చివరి పేరు ఒకటి. అన్నదమ్ములిద్దరినీ కన్న తండ్రి గురువయ్య. ఎడమచేత్తో ఉన్ని కత్తిరించిన గురువయ్య. ఆ పేరుతో రాయి పని అయిపోయేది.

ఆ ముందటి వానకాలంలో అవ్వ చలిజ్వరంతో పోయింది. రెండు రోజులు మూలిగింది, మూడో రోజు లేవలేదు. ఇసుర్రాయికి ఉండే కొయ్యపిడి ఆమె అరచేతికి అరిగి అరిగి నున్నగా అయిపోయింది. ఆ పిడిని ఊడదీసి ఆమె పక్కనే పెట్టి మట్టి చేశారు. మా ఇళ్లలో అది ఆనవాయితీ. ఏడాది మాసికం అయ్యేదాకా ఆ రాయికి కొత్త పిడి పెట్టరు. అమ్మ ఒక చిన్న రాయి తెచ్చుకుని పెరట్లో విసురుకునేది. పెద్ద రాయి సాయబాను మూలలో అలాగే ఉండిపోయింది. పిడి ఉండాల్సిన చోట ఒక బెజ్జం. అంతే.

ఇక ఆ రోజు సంగతి.

మా నాయిన ఎండాకాలం మందను తోలుకుని నల్లమల అంచులకు పోయేవాడు. అక్కడే బాలయ్య పరిచయం. మంచి మనిషి, నవ్వు మొహం. ఒకరి మందను ఒకరు కాసుకున్నారు, ఒకరి గంజి ఒకరు తాగారు. అక్కడే మాట అనుకున్నారు. మా పిల్ల, మీ పిల్లగాడు. ఆ రోజుల్లో ఈడొచ్చిన పిల్లను ఇంట్లో పెట్టుకోవాలంటే అందరికీ భయం. రాత్రి పోలీసుల లారీ సప్పుడైతే చాలు, ఊరంతా దీపాలు ఆర్పేది. నాయినకు ఎప్పుడెప్పుడు లగ్గం చేసి పంపుదామా అని ఉంది.

తెల్లవారితే సత్తెమ్మకు బొట్టు పెట్టి, చీర పెట్టి మాట ఖాయం చేసుకోవాలి. చీర బాలయ్య మూటలో ఉంది. ఆకుపచ్చది, ఎర్ర అంచు.

పొద్దున నుంచే "బావా" అంటే "బావా" అని నాయినా బాలయ్యా ఒకటే పిలుపులు. సత్తెమ్మ తలుపు చాటు నుంచి అడిగింది.

"మామా, మీ దిక్కు పులులుంటయట గద?"

"ఉంటయ్ బిడ్డా. గని మా ఇంటిదాని నోటికి జడిసి ఇంటి దిక్కు రావు" అన్నాడు బాలయ్య.

కాశయ్యకు మాత్రం ఈ నవ్వులేవీ పట్టలేదు. ఆయనకు చెముడు. ఊరికే చెముడు కాదు. చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా సగం అందేది, సగం అందేది కాదు. అమ్మ అంబలి తెచ్చి "తాగు మామా" అని మూడుసార్లు అరిచి, చివరికి ముంత ఆయన చేతిలో పెట్టి వచ్చింది.

"గీ తాతతోని మాట్లాడాల్నంటే గుట్టెక్కి కూతబెట్టాలె" అంది సత్తెమ్మ.

"ఊకో. రేపటి నుంచి నీకు తాతనే ఆయన" అంది అమ్మ.

కానీ అమ్మ మొహంలో నవ్వు లేదు. అన్నం కాగానే నాయినను పెరట్లోకి పిలిచింది. నేను అక్కడే కట్టెలు కొడుతున్నాను.

"తమ్ముడు దక్షిణం దిక్కే గద పోయింది" అంది అమ్మ. "వీళ్లది దక్షిణమే. ఒక్క రగతం అయితే ఎట్ల? అన్నకు చెల్లెనిచ్చినట్టయితది. అవ్వ ఉంటే రాయి ముందట కూసోబెట్టి తేల్చేది."

"దక్షిణమంటే ఎంత దేశమే? వాళ్ల ఇంటిపేరు వేరు, మన ఇంటిపేరు వేరు. ఇంకేం గావాలె?"

"రాత్రికి రాత్రి పారిపోయినోడు ఇంటిపేరు మోసుకపోతడా?"

నాయిన లోపలికి పోయి బాలయ్యను అడిగాడు. బాలయ్య దాచలేదు.

"మా తాత మల్లయ్య, బావా. ఆ మీదిది నాకెరుక లేదు. మా నాయినకు అన్నీ నోటికే ఉండె. గని గీ రెండేండ్ల సంది మతి ఒక్క తీరుగ లేదు. పొద్దుగాల ఒక పేరు అంటడు, మాపటికి ఇంకో పేరు."

అయినా అడిగారు. నేనే కాశయ్య చెవి దగ్గర వంగి అరిచాను. "తాతా, మీ తాత పేరేంది?"

ఆయన నా మొహం చూశాడు. పెదవులు కదిలాయి. గోడ వైపు చూశాడు. మళ్లీ పెదవులు కదిలాయి. ఏదో లోపల తవ్వుకుంటున్నట్టు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"యాదికొస్తలేదు బిడ్డా" అన్నాడు.

ఇంకెవరూ అడగలేదు. అడగడానికి మనసు రాలేదు. నాయినే, "పొద్దుగాల బొట్టు పెడదాం" అన్నాడు. అమ్మ లోపలికి పోయింది.

రాత్రి పడకలు ఇలా. నాయిన, బాలయ్య దొడ్డి దగ్గర, గొర్లకు కాపలా. అమ్మ, సత్తెమ్మ లోపలి గదిలో, తలుపు వేసుకుని. సాయబానులో ఈ చివర నేను, ఆ చివర గోడ పక్కన నేల మీద గొంగడి పరుచుకుని కాశయ్య. ఆయన పడకకు కాళ్ల దిక్కున ఇసుర్రాయి మూల. కందిలి ఆర్పేశాం. చంద్రుడు ఇంకా రాలేదు. చీకటి... చెయ్యి చూసుకుంటే చెయ్యి కనిపించని చీకటి.

నాకు నిద్ర పట్టింది.

ఏ వేళకో మెలకువ వచ్చింది. ఎందుకు వచ్చిందో మొదట తెలియలేదు. చలి. గొంగడి ముక్కు మీదికి లాక్కున్నాను. అప్పుడు వినబడింది.

గర్...

లారీ అనుకున్నాను. పోలీసులు ఊరి మీద పడుతున్నారనుకున్నాను. లేచి నాయినను పిలుద్దామనుకున్నాను. కానీ లారీ సప్పుడు దగ్గరికి వస్తుంది, లేకపోతే దూరం పోతుంది. ఇది రావడం లేదు, పోవడం లేదు. ఒక్కచోటే తిరుగుతోంది.

గర్... గర్... గర్...

ఇంట్లోనే. సాయబానులోనే.

అమ్మ లేచి విసురుతోందా? అమ్మ రాయి పెరట్లో. ఆ రాయి చిన్నది, దాని సప్పుడు సన్నం. ఇది బరువు సప్పుడు. రాయి మీద రాయి... మధ్యలో గింజ నలిగే సప్పుడు... ప్రతి చుట్టుకూ ఒకచోట చిన్న కుదుపు. పైరాయికి ఒక పక్క పెచ్చు లేచి ఉండేది. అక్కడ ఆ కుదుపు. పుట్టినప్పటి నుంచి విన్నది. నాకు అది ఏ రాయో తెలుసు.

పిడి లేని రాయి.

నేను కదలలేదు. కళ్లు తెరిచానో మూశానో కూడా తేడా లేని చీకటి. తిరుగుతోంది. తిరుగుతోంది. తిరుగుతూ తిరుగుతూ...

ఆగింది.

ఆ ఆగడం ఎలా చెప్పను? సప్పుడు పోతే ఉండే నిశ్శబ్దం కాదు అది. ఎవరో మన మొహంలోకి చూస్తూ మాట కోసం కాచుకుని ఉంటారు చూడండి... అలాంటి నిశ్శబ్దం. దొడ్డిలో గొర్లు నెమరు వేయడం కూడా ఆపేశాయి.

నాకు చెప్పాలని లేదు. చెబుదామని అనుకోలేదు. నోరు దానంతట అదే తెరుచుకుంది. చిన్నప్పటి అలవాటు.

"ఎల్లయ్య" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

గర్... గర్... గర్...

రాయి కొన్ని చుట్లు తిరిగింది. ఆగింది.

"నర్సయ్య."

తిరిగింది. ఆగింది.

"బక్కయ్య."

తిరిగింది... ఈసారి నెమ్మదిగా. అవ్వ కూడా అంతే. పైకి పోయే కొద్దీ నెమ్మదిగా తిప్పేది. పెద్దలు దూరం బిడ్డా, నడిచి రావాలె గద, అనేది. ఆగింది.

"కొమురయ్య."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. భయం ఉంది. లేదనను. కానీ ఆ భయంలోనే ఇంకొకటి కూడా ఉంది. ఆమె పోయాక ఆ పేర్లు నేను ఒక్కసారి కూడా పైకి అనలేదు. ఒక్కొక్క పేరూ అంటుంటే నాలుక మీద జొన్నరొట్టె రుచి తగిలింది. ఏడుపు వచ్చినట్టయింది. రాయి తిరుగుతోంది. ఒక చుట్టు... పెచ్చు కుదుపు... ఇంకో చుట్టు... కుదుపు...

ఆగింది.

ఖాళీ దగ్గర ఆగింది.

నేను చెప్పకూడని చోటు. అవ్వ అయితే కొంతసేపు ఆగి నిట్టూర్చేది. నేను ఆ నిట్టూర్పు కోసం చూస్తున్నాను. రాలేదు. రాయి కదలలేదు. ఎంతసేపో... ఎక్కడా పురుగు కూత లేదు, ఆకు సప్పుడు లేదు... ఆ నిశ్శబ్దం నా వైపు చూడటం లేదని తెలిసింది. ఎలా తెలిసిందో అడగకండి. అది గోడ దిక్కు తిరిగింది.

అప్పుడు ఆ గోడ దిక్కు నుంచి, నేల మీద నుంచి, ఒక గొంతు. ముసలి గొంతు. కానీ ఎక్కడా తడబాటు లేదు.

"బీరయ్య."

రాయి తిరిగింది.

ఒక్కసారిగా, జోరుగా తిరిగింది. కొత్త గింజ పోసినప్పుడు తిరిగినట్టు. ఎన్ని చుట్లో తెలియదు. నేను రెండు చేతులతో గొంగడి పట్టుకుని ఉన్నాను. ఆగింది. ఈసారి మా ఇద్దరి కోసం ఆగింది.

"గురువయ్య" అన్నాను నేను.

"గురువయ్య" అన్నాడు కాశయ్య.

ఒక్కసారే అన్నాం. రెండు గొంతులు, ఒక్క పేరు.

ఆ తర్వాత రాయి తిరగలేదు. నిట్టూర్పు లాంటిదేదో వినబడిందని అనిపించింది, కానీ అది నాదే కావచ్చు. కాశయ్య అటు తిరిగి పడుకున్నాడు, కొద్దిసేపటికి గురక కూడా వినబడింది. దొడ్డిలో గొర్లు మళ్లీ నెమరు మొదలుపెట్టాయి. లేచి మూలకు పోయి చూడాలనుకున్నాను. కానీ కోడి కూసేదాకా అలాగే పడి ఉన్నాను.

తెల్లవారింది.

మొదట లేచింది అమ్మ. ఊడ్చుకుంటూ సాయబానులోకి వచ్చింది. నేను లేచి కూర్చుని ఒక్కమాటే అడిగాను. "అమ్మా, రాత్రి విసిరినవా?"

"నాకేం పని రాత్రి విసురుటానికి?"

మూల వైపు చూపించాను. ఇద్దరం పోయి చూశాం. పిండి లేదు. పిడి బెజ్జంలో దుమ్ము. పైరాయి మీద నుంచి గోడకు సాలెపురుగు గూడు. సన్నగా, ఎక్కడా తెగకుండా. మంచుకు తడిసి ఉంది. ఆ రాయి తిరిగి ఉంటే ఆ గూడు ఉండేది కాదు.

అమ్మ నా మొహం చూసి చీపురు కింద పెట్టింది. జరిగింది చెప్పాను. ఆమె నవ్వలేదు, తిట్టలేదు. పోయి నాయినను పిలుచుకొచ్చింది. వెనకే బాలయ్య.

నాయిన వస్తూనే, "రాత్రి గొర్లు పండుకోలేవే. అన్ని లేచి ఇంటి దిక్కు నిలవడ్డయి. చిరుత వచ్చిందనుకొని మేమిద్దరం కట్టెలు పట్టుకొని కూసున్నం" అన్నాడు. తర్వాత నేను చెప్పింది విన్నాడు. విని చిరాకు పడ్డాడు.

"ముసలాయన నిద్రల ఏదో అంటడు, వీడు నిద్రల ఏదో వింటడు. గా మాట పట్టుకొని లగ్గం చెడగొట్టుకుందమా?"

కాశయ్య అప్పటికే లేచి మొహం కడుక్కుంటున్నాడు. బాలయ్య ఆయన చెవి దగ్గర వంగి గట్టిగా అడిగాడు. "నాయినా, రాత్రి ఏమన్నవు? బీరయ్య ఎవరు?"

కాశయ్య అందరి వైపూ ఒకసారి చూశాడు. రాత్రి విన్న గొంతే. తడబాటు లేదు.

"మా తాత. మా అమ్మ ఇసురుకుంట చెప్పిచ్చేది. బీరయ్య అన్నంక ఒక తావుల ఆగేది. అది అన్న పేరు, మనం అనొద్దు, ఒట్టున్నది అనేది. మీ ఇంట్ల రాత్రి ఎవరో ఇసురవట్టిరి. రాయి ఆగింది. ఆగితే చెప్పాలె గద. చెప్పిన."

"గురువయ్య ఎవరు తాతా?" నేను అరిచాను.

"ఇద్దరికీ నాయిన." ఆయన తడి చేతిని పైకి ఎత్తాడు. ఎడమ చెయ్యి. రెండు వేళ్లు కత్తెరలాగా ఆడించాడు. "గీ చేతితోని ఉన్ని కత్తిరిచ్చేటోడట."

నాయిన అక్కడే అరుగు మీద కూర్చున్నాడు.

అనుకున్న సంబంధం, చేసుకున్న ధైర్యం, అన్నీ ఆ రెండు వేళ్ల ముందు అయిపోయాయని అందరికీ తెలుసు. బాలయ్యే ముందు తేరుకున్నాడు. "బావా..." అని అలవాటు కొద్దీ మొదలుపెట్టి ఆగాడు. "తమ్మీ" అన్నాడు.

నాయిన తలెత్తలేదు. కానీ చెయ్యి చాచాడు. బాలయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు.

చీర మూటలోనే ఉంది. దాన్ని వెనక్కి తీసుకుపోతారని అమ్మ అనుకుంది. బాలయ్య మూట విప్పి, తలుపు దగ్గర నిలబడ్డ సత్తెమ్మను పిలిచాడు.

"రా బిడ్డా. మా ఇంటి కోడలికని తెచ్చిన. మా ఇంటి బిడ్డవే అయినవు. తీసుకో."

"ఏమని పిల్వాలె మరి నిన్ను?" అంది సత్తెమ్మ. కళ్లు ఎర్రగా ఉన్నాయి, రాత్రి నిద్ర లేనట్టు.

"పెదనాయినా అను."

ఆమె అంది. చీర తీసుకుని కళ్లకు అద్దుకుంది.

కాశయ్య ఆ చీర సంగతి పట్టించుకోలేదు. ఆయనకు ఒక్కటే కావాలి. "రాత్రి ఇసిరింది ఎవరు? నాకు చూపెట్టుండ్రి" అన్నాడు. ఎవరం ఏం చెప్పగలం? అవ్వ అని, మా తాతకు చెల్లెలని, పోయిన వానకాలం పోయిందని అమ్మ ఆయన చెవిలో అరిచి అరిచి చెప్పింది. ఎంత అందిందో తెలియదు. కొంతసేపు వేళ్ల మీద ఏదో లెక్క చూసుకున్నాడు.

"అట్లయితే నాకు అక్కయితది" అన్నాడు. "పోదాం నడువుండ్రి."

ఊరి చివర చెలక గట్టున ఆమెను పెట్టిన చోటుకు పోయాం. కాశయ్య ముందు. నాయిన, బాలయ్య ఆయన పక్కన. వెనక నేనూ సత్తెమ్మా. అక్కడ ఆయన కూర్చుని, మట్టి మీద అరచెయ్యి ఆనించి పెట్టాడు, లోపల ఏదైనా తిరుగుతోందా అని చూసినట్టు. పిడి కూడా ఆ మట్టిలోనే ఉందని నేను ఆయనకు చెప్పలేదు.

తిరిగి వస్తుంటే సత్తెమ్మ నా పక్కకు వచ్చింది. గొంతు తగ్గించి అంది.

"నేను రాత్రంతా తెలివితోనే ఉన్న. తలుపు సందుకే పండుకున్న."

"అయితే విన్నవు."

"విన్న. నువ్వు ఎల్లయ్య అన్నది విన్న. నర్సయ్య, బక్కయ్య, అన్నీ విన్న. తాత బీరయ్య అన్నది గూడ విన్న. అప్పుడే నాకు తెలిసింది, గీ లగ్గం గాదని."

"మరి రాయి?"

ఆమె నడక ఆపింది.

"ఏం రాయి?" అంది. "నాకు మీ ఇద్దరి మాటలే వినవడ్డయి. ఒక పేరు అంటివి, ఊకుంటివి. ఇంకో పేరు అంటివి, ఊకుంటివి. నడుమ ఏ సప్పుడు లేకుండె. గా సప్పుడు లేనప్పుడే నాకు భయమైంది."

నేను ముందుకు చూశాను. కాశయ్య కర్ర పొడుచుకుంటూ నాలుగు అడుగుల ముందు నడుస్తున్నాడు. రాయి సప్పుడు విన్నది నేనూ ఆయనా మాత్రమే. ఆగితే చెప్పాలె గద అన్నాడు. ఇంకొక్కసారి అడిగి తేల్చుకోవాలనిపించింది.

"తాతా" అని పిలిచాను.

మళ్లీ పిలిచాను, గట్టిగా. పక్క చెలకలో మేస్తున్న గొర్లు తలెత్తి చూశాయి.

ఆయనకు వినబడలేదు.